చూపులేని చదువరి

ఒక గ్రంథాన్ని నూరుమార్లు పఠిస్తే దాని భావం తనంతట తానే విశదమవుతుందని జపాను దేశంలో ఒక సామెత ఉంది. ఈ మాటకు పుట్టినిల్లు ప్రాచీన చైనా. అభ్యాసం కూసువిద్య అని మన పెద్దలు చెప్పినదీ ఇటువంటిదే. నూరుమార్లు కాదు కదా, ఊహ తెలిసిన తరువాత ఒక్కమారైనా పుస్తకాన్ని కంటితో చూడలేని ఒక మహనీయుడు ఈ సామెతకు తన జీవితంతోనే భాష్యం చెప్పాడు. ఆయనే హనావా హొకీచి.

హొకీచి 1746లో ముసాషి రాష్ట్రంలోని హొకినో గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఆ గ్రామం నేటి సైతామా ప్రాంతంలోని హోంజో నగరంలో ఉంది. ఏడేళ్ల ప్రాయంలో వ్యాధి ఆయన చూపును హరించింది. పన్నెండవ యేట తల్లి కన్నుమూసింది. పదిహేనవ యేట హొకీచి విద్యాకాంక్షతో ఎడో నగరానికి పయనమయ్యాడు. నేటి టోక్యో నగరమే నాటి ఎడో.

ఆ కాలంలో అంధులకు జీవనోపాధి మార్గాలు కొన్నే ఉండేవి. వాద్యసంగీతం, అంగమర్దనం, సూదులతో చేసే చికిత్స వాటిలో ముఖ్యమైనవి. ఉపాధికోసం అమెతొమి అనే అంధగురువు వద్ద హొకీచి వాటినే అభ్యసించాడు. కాని చేతికి సంగీతం పట్టుబడలేదు. చికిత్సలోనూ నేర్పు అలవడలేదు. తాను ఎందుకూ కొరగానివాడినని కుమిలిపోయి, ఒకనాడు ప్రాణత్యాగానికి సైతం సిద్ధపడ్డాడు. అదృష్టవశాత్తు బయటపడ్డాడు. శిష్యుని మనస్సు గ్రంథాలపై ఉన్నదని గ్రహించిన గురువు ఆయనను కోపగించలేదు. మూడేళ్లపాటు ఇష్టమైన చదువు చదువుకొమ్మని అనుమతించాడు. ఆ దయయే హొకీచి జీవితాన్ని మలుపు తిప్పింది.

అయితే చూపులేనివాడు చదివేదెలా? చదవగలిగినవారిని ఆశ్రయించి, వారిచేత చదివించుకొని, చెవులతో విని, విన్నదానిని మనస్సులో వల్లెవేయడమే ఆయన అనుసరించిన పద్ధతి. మనం పుస్తకం మూసినా అది అలమారలో ఉంటుంది. మరచినచోట మళ్లీ తెరువవచ్చు. ఆయనకు ఆ వెసులుబాటు లేదు. మనస్సే ఆయన గ్రంథాలయం. అందుచేత పునశ్చరణ ఆయనకు అలంకారం కాదు, ప్రాణావసరం. 1769లో ప్రసిద్ధ పండితుడు కామో నో మబుచికి శిష్యుడయ్యాడు. ఆ యేడే గురువు మరణించినా, ప్రాచీన సాహిత్యంపై కలిగిన అనురాగం మాత్రం తరగలేదు.

నాడు జపానులోని ప్రాచీన గ్రంథాలు అనేకం వ్రాతప్రతులుగా ఆలయాలలోను, ప్రభువుల ఇండ్లలోను చెదరి ఉండేవి. అగ్నిప్రమాదాలకు, పురుగులకు అవి ఆహుతి కాకముందే సేకరించి ముద్రించాలని 1779లో హొకీచి సంకల్పించాడు. ప్రతులను సంపాదించి, చదివించుకొని, పాఠభేదాలను పరిష్కరించి, చెక్కపలకలపై చెక్కించాడు. 1793లో ప్రభుత్వ అనుమతితో స్వదేశ విద్యల అధ్యయనానికి ఒక పాఠశాలను నెలకొల్పాడు. నలభై యేండ్ల కృషి ఫలించి 1819లో ముద్రణ ముగిసింది. గున్షో రుయిజూ అనే ఆ మహాసంకలనంలో 1,270కి పైగా రచనలు 666 సంపుటాలలో చోటుచేసుకొన్నాయి.

ఆయనను గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఒక రాత్రి పాఠం చెబుతుండగా గాలికి దీపం ఆరిపోయింది. శిష్యులు పుస్తకాలు కనిపించక కలవరపడ్డారు. విషయం తెలిసిన హొకీచి నవ్వి, కన్నులున్నవారికి ఎన్ని ఇబ్బందులో కదా అని చమత్కరించాడట. దీపం ఆరినా ఆయన పాఠం ఆగలేదు.

1821లో హొకీచి పరమపదించాడు. ఆయన చెక్కించిన పలకలు 17,000కు పైగా టోక్యోలో భద్రంగా ఉన్నాయి. చూపు, వినికిడి లేని హెలెన్ కెల్లర్ 1937లో జపానుకు వెళ్లినప్పుడు ఆ భవనాన్ని దర్శించి, ఆయన విగ్రహాన్ని చేతులతో తడిమి చూసింది. బాల్యంలో తల్లి తనకు ఆదర్శంగా చూపిన వ్యక్తి ఆయనేనని ఆమె చెప్పుకొంది.

ఒకసారి చదివి అర్థం కాలేదని పుస్తకాన్ని పక్కన పెట్టడం మనకు పరిపాటి. ఆ పుస్తకాన్ని తెరచి చూడగల కన్నులు మనకున్నాయి. మరల చదివే ఓపికను అలవరచుకోవడమే మన కర్తవ్యం.