చలనాన్ని బంధించిన ఛాయాగ్రాహకుడు – మైబ్రిడ్జ్

నిలకడగా ఉన్న వస్తువును చూడడం కంటికి సులభం. వేగంగా కదిలేదానిని చూడడం కష్టం. ఎడ్ల పందెంలో పరుగు తీసే జోడెడ్లను చూసినవారు వాటి వడిని, అవి రేపిన దుమ్మును వర్ణించగలరు గాని, ఏ క్షణాన ఏ గిట్ట నేలను తాకిందో చెప్పలేరు. శతాబ్దాలపాటు చిత్రకారులు గుర్రపు పరుగును ఊహతోనే రూపుకట్టించారు. ఆ ఊహలోని సత్యాసత్యాలను కెమెరాల వరుసతో తేల్చి, చలనచిత్ర కళకు బాట వేసినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్.

1830 ఏప్రిల్ 9న ఇంగ్లండులో థేమ్స్ నదీతీరాన ఉన్న కింగ్‌స్టన్ పట్టణంలో ఆయన జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎడ్వర్డ్ జేమ్స్ మగ్గరిడ్జ్. యౌవనంలోనే అమెరికా చేరి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పుస్తక విక్రేతగా స్థిరపడ్డాడు. 1860లో టెక్సాస్‌లో ఆయన ప్రయాణిస్తున్న గుర్రపు బండి ప్రమాదానికి గురికాగా తలకు తీవ్రమైన గాయం తగిలింది. చికిత్స కోసం స్వదేశానికి వెళ్లిన ఆయన, కొన్నేళ్ల తరువాత ఛాయాగ్రాహకుడిగా తిరిగివచ్చాడు. యోసెమిటీ లోయ దృశ్యాలను హీలియోస్ అనే పేరుతో ప్రకటించి ప్రసిద్ధి పొందాడు. గ్రీకు పురాణాలలో హీలియోస్ సూర్యదేవుడు.

కాలిఫోర్నియా మాజీ గవర్నరు, రైల్వే సంస్థ అధిపతి అయిన లీలాండ్ స్టాన్‌ఫోర్డ్‌కు గుర్రాలంటే ఎనలేని మక్కువ. వడి నడకలో ఉన్న గుర్రం నాలుగు కాళ్లూ ఏ క్షణంలోనైనా ఏకకాలంలో గాలిలో ఉంటాయా అన్నది ఆ రోజుల్లో వాదవివాదాలకు తావిచ్చిన ప్రశ్న. దీనిపై పెద్ద మొత్తంలో పందెం కాసినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నా, అందుకు ఆధారాలు లేవు. 1872లో స్టాన్‌ఫోర్డ్ ఈ ప్రశ్నను మైబ్రిడ్జ్ ముందుంచాడు. తొలి ప్రయత్నాలలో లభించిన చిత్రాలు మసకగా ఉండి, సందేహాన్ని పూర్తిగా తీర్చలేకపోయాయి.

ఇంతలో ఆయన జీవితంలో ఘోరమైన ఘటన జరిగింది. తన భార్యతో సన్నిహితంగా ఉన్న హ్యారీ లార్కిన్స్ అనే వ్యక్తిని 1874 అక్టోబరులో మైబ్రిడ్జ్ కాల్చి చంపాడు. 1875లో జ్యూరీ ఆయనను విడిచిపెట్టింది. న్యాయస్థానం వదిలినా, ఒక నిండు ప్రాణం పోయిందన్న నిజం చెరగదు. ఆయన కీర్తిని చెప్పేటప్పుడు ఈ మచ్చను దాచడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. విచారణ ముగిశాక ఆయన మధ్య అమెరికాకు వెళ్లి, కొంతకాలం అక్కడి దృశ్యాలను చిత్రించాడు.

1878లో మైబ్రిడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కో నగర సంపూర్ణ దృశ్యాన్ని చిత్రించాడు. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి ఎదుట నిలిచినవారికి, ఊడలు దిగి విస్తరించిన ఆ మహావృక్షం ఒక్క చిత్రంలో ఇమడదని వెంటనే తెలుస్తుంది. నల్గొండ జిల్లాలోని నాగార్జునసాగర్ ఆనకట్ట విషయమూ అంతే. అటువంటప్పుడు దృశ్యాన్ని భాగాలుగా తీసి, అంచులు కలిసేలా జోడించాలి. మైబ్రిడ్జ్ నగరంలోని ఒక కొండపై ఉన్న భవనం నుండి కెమెరాను అంచెలంచెలుగా నలుదిక్కులకూ తిప్పుతూ, 13 పెద్ద గాజు పలకలపై నగరమంతటినీ చిత్రించాడు. వాటిని జోడిస్తే సుమారు 17 అడుగుల పొడవైన దృశ్యం ఏర్పడింది. ఆనాడు గాజు పలకపై ద్రావణం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే సిద్ధపరచాలి. పలకకూ పలకకూ మధ్య కాలం గడిచేకొద్దీ ఎండ మారి నీడలు జరిగేవి. నగరం కదలదు గనుక ఒక్క కెమెరాతో ఆ పని సాధ్యమైంది. పరుగెత్తే గుర్రం అలా ఆగదు. దానికి అనేక కెమెరాలు కావాలి.

అటువంటి పరికరం ఏ అంగడిలోనూ దొరకదు. దానిని స్వయంగా నిర్మించుకోవలసిందే. పాలో ఆల్టోలోని స్టాన్‌ఫోర్డ్ అశ్వశాలలో, పరుగు బాట పక్కన ఒక పొడవైన పాక కట్టించి, అందులో 12 కెమెరాలను వరుసగా నిలిపాడు. ఎదుటివైపున తెల్లని తెర, దానిపై దూరాన్ని సూచించే గీతలు, అంకెలు ఏర్పాటు చేశాడు. బాటకు అడ్డంగా సన్నని దారాలు కట్టించాడు. గుర్రం ఒక్కొక్క దారాన్ని తాకినప్పుడు విద్యుత్ ప్రవాహం కలిగి, దానికి సంబంధించిన కెమెరా మూత రెప్పపాటు కంటె వేగంగా తెరచుకొని మూసుకొనేది. ఈ విద్యుత్ ఏర్పాటులో జాన్ ఐజాక్స్ అనే రైల్వే ఇంజనీరు తోడ్పడ్డాడు.

1878 జూన్ 15న పత్రికా విలేకరుల సమక్షంలో ప్రయోగం జరిగింది. ఆనాడు పరుగెత్తిన ఒక గుర్రానికి జీను పట్టీ తెగిపోగా, ఆ తెగిన పట్టీ సైతం చిత్రాలలో స్పష్టంగా కనిపించింది. దానితో చిత్రాలను దిద్దారన్న అనుమానానికి తావు లేకపోయింది. గుర్రం నాలుగు గిట్టలూ గాలిలో ఉండే క్షణం నిజమేనని తేలింది. అయితే దౌడులో ఆ క్షణం చిత్రకారులు గీసినట్లు కాళ్లు ముందుకూ వెనుకకూ చాచినప్పటిది కాదు. కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పటిది.

1879లో ఆయన కెమెరాల సంఖ్యను 24కు పెంచాడు. మనుషుల వ్యాయామ విన్యాసాలను చిత్రించేటప్పుడు కొన్ని కెమెరాలను అర్ధచంద్రాకారంగా అమర్చి, ఒకే క్షణాన్ని పలు దిక్కుల నుండి పట్టుకున్నాడు. అదే ఏడాది గుండ్రని గాజు పలకపై వరుస బొమ్మలను తిప్పి, తెరపై గుర్రం పరుగెత్తుతున్నట్లు చూపే జూప్రాక్సిస్కోపు అనే యంత్రాన్ని రూపొందించాడు.

కీర్తి వెంట పరాభవం కూడా వచ్చింది. 1882లో స్టాన్‌ఫోర్డ్ ప్రోత్సాహంతో గుర్రపు చలనంపై ఒక గ్రంథం వెలువడింది. దానిపై రచయితగా వేరొక వైద్యుని పేరుంది. మైబ్రిడ్జ్ కృషికి తగిన స్థానం అందులో లభించలేదు. ఆ కారణంగా లండన్‌లోని రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని ప్రచురించేందుకు వెనుకాడింది. ఆయన వేసిన దావా నెగ్గలేదు. ధనం పెట్టినవానికి, పరికరం అమర్చినవానికి, ఆలోచన నడిపినవానికి ఎవరి పాలు ఎంత అన్న ప్రశ్న విజ్ఞాన చరిత్రలో తరచు ఎదురవుతుంది.

మైబ్రిడ్జ్ కుంగిపోలేదు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆశ్రయమివ్వగా, మనుషుల, జంతువుల, పక్షుల కదలికలను లక్షకు పైగా చిత్రాలలో నమోదు చేశాడు. 1887లో వెలువడిన ఆయన సంకలనంలో 781 ఫలకాలున్నాయి. చిత్రకారులకు, వైద్యులకు, శాస్త్రజ్ఞులకు అది నిఘంటువు వంటిదైంది. 1904 మే 8న తాను పుట్టిన కింగ్‌స్టన్‌లోనే ఆయన కన్నుమూశాడు.

అదే కాలంలో హైదరాబాదు రాజ్యంలో రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్ర కళకు వన్నె తెచ్చాడు. మహబూబ్‌నగర్ పట్టణానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు ఆస్థాన గౌరవమిచ్చి, 1894లో రాజా బిరుదుతో సత్కరించాడు. దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. ఒకరు రాజదర్బారుల వైభవాన్ని నిలిపి చూపగా, మరొకరు కదలికను విడదీసి చూపారు.

1999లో వచ్చిన ది మేట్రిక్స్ చలనచిత్రంలో నటుని చుట్టూ వందకు పైగా కెమెరాలను అమర్చి, కాలం నిలిచిపోయినట్లు భ్రమ కల్పించారు. దాని మూలాలు పాలో ఆల్టోలోని ఆ పాకలోనే ఉన్నాయి. గుర్రపు గిట్టల గురించి పుట్టిన చిన్న సందేహాన్ని మైబ్రిడ్జ్ తేలికగా కొట్టిపారేయలేదు. తొలి చిత్రాలు మసకబారినా ఆరేళ్లపాటు దానిని విడువలేదు. ఉన్న పరికరం చాలనప్పుడు కొత్తదానిని నిర్మించుకున్నాడు. విద్యార్థులు ఆయన జీవితం నుండి గ్రహించవలసిన గుణం ఈ పట్టుదలే.