సవరల మాట నేర్చిన పంతులుగారు

పరభాషల నడుమ తెలుగు చదువుకొనుచున్న మనకు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చరిత్రము మిక్కిలి దగ్గఱిది. వారు తమ జీవితములో అధికభాగము గడపిన పర్లాకిమిడి నేడు ఒడిశా రాష్ట్రములోనిది.

పంతులుగారు 1863 ఆగష్టు 29వ తేదీన, శ్రీకాకుళ ప్రాంతమున శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో తండ్రి వీరరాజుగారు జ్వరముచే మరణింపగా, విజయనగరమున బంధువుల యింట నుండి చదువు సాగించిరి. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయులు. 1880లో 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజాగారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి.

ఆ పట్టణమునకు చేరువ కొండలు, కొండలలో సవరలు. వారి మాట క్రిందివారికి తెలియదు, క్రిందివారి మాట వారికి తెలియదు. అట్టిచోట తగవు పుట్టుటకు వేఱొక కారణ మక్కఱలేదు. కొండవారే మన భాష నేర్చి మనవలె కావలెననుట సులభము. పంతులుగారు తామే వారి భాష నేర్వ నిశ్చయించిరి. సవరభాష తెలిసిన యొకనిని, ఆనాడు అంటరానివాడని యెంచబడినవానిని, తమ యింటనే యుంచుకొని నేర్చుకొనిరి. ఆ కాలపు బ్రాహ్మణ గృహమున అది సామాన్యమైన పని కాదు. ఆ భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు, ముండా కుటుంబములోనిది. ఆనాడు దానికి లిపి లేదు. చెవియే గురువు.

ఆ చెవినే అడవి తీసికొన్నది. కొండలలో తిరుగగా మలేరియా పట్టెను. దానికై సేవించిన క్వినైను వలన వినికిడి చెడి, ఆ చెవుడు జీవితాంతము నిలిచెను. అయినను పని విడువలేదు. సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. వారి సవర పుస్తకములకు మద్రాసు ప్రభుత్వము పారితోషిక మీయజూపగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి.

ఈ చూపే తెలుగుపై పడినప్పుడు గొప్ప వివాదమయ్యెను. మన పిల్లలు ఇంట నొక తెలుగు మాటలాడి, బడిలో మఱియొక తెలుగు వ్రాయుచుండిరి. కొండవారి మాటను ఉన్నదున్నట్లు గైకొన్నవారు ఇంటివారి మాటను తప్పనగలరా? జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు గట్టిగా నెదిర్చిరి. ఇచ్చట మన పంతులుగారును మెత్తనివారు కారు. ఒక గ్రంథమునకు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజమని పేరు పెట్టిరి. గ్రాంథికమే వ్రాయవలెననువారి వ్రాతలలోనే తప్పులేఱి చూపిరి. సవరల యెడ నున్న యోరిమి పండితుల యెడ కొంత కొఱవడెనని నా తలంపు. కాని ఎదుటివారిని విడిచి తొలగిపోలేదు. 1925లో తణుకున జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి ప్రసంగించి, పూర్వుల రచనలనుండియే ఉదాహరణములు చూపిరి. చిరకాలము గ్రాంథికమున వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు, తమ కడపటి యేడైన 1919లో, వాడుకభాషకై స్థాపింపబడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి.

నేను వ్రాయుచున్న ఈ భాషయు పంతులుగారు మెచ్చునది కాదు. చిన్ననాటి అలవాటు, వారు మన్నింతురు గాక!

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి, పర్లాకిమిడి అందు చేరెను. అట్లు చేరరాదని పంతులుగారు వాదించిరి. రాజాగారి పక్షము వేఱు. వాదము నెగ్గలేదు. 56 ఏండ్లు నివసించిన యూరు విడిచి, 72 ఏండ్ల ప్రాయమున రాజమహేంద్రవరము చేరిరి. అక్కడి తెలుగువారనేకులు మాత్రము ఊరిలోనే నిలిచిరి. ఒడియా నేర్చిరి, తెలుగును మానలేదు. మనవంటివారి కథ అట్టివారిదే.

పంతులుగారు ఊరు విడిచినను సవరలను విడువలేదు. 1931లో వెలువడిన సవర వ్యాకరణమునకు తోడుగా, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువు వెలువడెను. 1940 జనవరి 22వ తేదీన వారు కన్నుమూసిరి.