సయ్యదు అబ్దుల్ రహీం గారు: బడిపంతులు, ఫుట్‌బాలు గురువు

మన దేశమున ఫుట్‌బాలు ఆట ప్రస్తావన వచ్చినంతనే పెద్దలకు జ్ఞప్తికి వచ్చు పేరులలో హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యదు అబ్దుల్ రహీం గారి పేరు మొదటిది. ఆసియా క్రీడలలో భారతదేశపు జట్టునకు రెండుమార్లు స్వర్ణపతకము సంపాదించిపెట్టిన శిక్షకులుగా వారిని లోకమెరుగును. వారు వృత్తిచే బడిపంతులని ఎరిగినవారు మాత్రము తక్కువ. ఈ రెండవ సంగతియే వారి చరిత్రను ఈ సంచికయందు వ్రాయుటకు మమ్ము పురికొల్పినది. సాయంకాలపు గంట మ్రోగిన పిమ్మట మైదానమునకు పరుగిడు బాలురలో బలవంతులుందురు, దుర్బలులుందురు. ఆటయందు ఆరితేరినవారుందురు, బంతిని తాకుటకే జంకువారుందురు. వీరందరిని రెండు జట్లుగా విభజించి, ఎవరికిని ఆట చేదు కాకుండ నడపుట ఎట్లు? ఈ ప్రశ్న పెద్దలకు స్వల్పముగా తోచవచ్చును గాని, జట్టులో చిట్టచివర పిలువబడు బాలునికి ఇది స్వల్పము కాదు. రహీం గారి జీవితమున దీనికి మంచి సమాధానము కలదని మేము తలంచుచున్నాము.

రహీం గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. విద్యార్థిదశలోనే ఫుట్‌బాలు నేర్చి, విశ్వవిద్యాలయపు జట్టున ఆడి పేరు గడించిరి. చదువు ముగిసిన పిమ్మట వారు ఉపాధ్యాయ వృత్తిని అవలంబించిరి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వారు పనిచేసిన పాఠశాలలు. తరగతి పాఠములతో తృప్తి చెందక, వారు వ్యాయామ విద్యయందు కూడ డిప్లొమా పొంది, పాఠశాలలలో ఆటల బాధ్యతను వహించిరి. వేలమంది ప్రేక్షకుల యెదుట ఆడు జట్లకు శిక్షణ ఇచ్చుటకు పూర్వమే, పుస్తకముల సంచులు గట్టుమీద పెట్టి ఆటకు దిగు పిల్లల నడుమ వారు ఆ పని నేర్చుకొనిరని దీనివలన తెలియుచున్నది.

1943వ సంవత్సరమున వారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి అయిరి. ఆ కాలమున మన దేశమున ఆట తీరు వేరుగ నుండెను. ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేక వట్టికాళ్లతో ఆడువారు. బంతి దొరికినవాడు దానిని తన కాళ్ల నడుమ త్రిప్పుకొనుచు, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొనుచు పోవుట గొప్ప నేర్పుగా ఎన్నబడుచుండెను. దీనినే డ్రిబ్లింగు అందురు. లేనియెడల బంతిని బలముకొలది ఆకాశమునకు తన్ని దాని వెంట పరుగెత్తుట పరిపాటి. డ్రిబ్లింగు చూచుటకు సొంపుగ నుండు విద్యయే. కాని బాలుర ఆటలో దాని ఫలితమేమి? ఇరువదిరెండు మంది మైదానమున నిలిచినను ఆడువారు నలుగురైదుగురే. తక్కినవారు బంతి వెనుక పరుగెత్తి అలసిపోవుదురు. ఆట ముగియువరకు బంతి వారి కాలికి తగులదు.

రహీం గారు ఈ లోపమును చక్కగా గుర్తించిరి. బంతిని నేలమీదనే ఉంచి, ఒకరినుండి యొకరికి చిన్నచిన్న అందింపులతో ముందుకు సాగవలెనని వారు బోధించిరి. బోధతో ఆగిన ఉపాధ్యాయులు కారు. బోధ ఆచరణకు వచ్చునట్లు ఆట నియమములనే మార్చిరి. యువ ఆటగాండ్ర కొరకు వారు రెండు విధములగు పందెములు ఏర్పాటు చేసిరి. మొదటి దానియందు డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి అందినవాడు దానిని తన యొద్ద ఉంచుకొని త్రిప్పక వెంటనే తోడివానికి అందింపవలెను. రెండవ దానియందు ప్రతివాడును తనకు చేతగాని కాలితోనే ఆడవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటము గలవాడు కుడికాలితోను బంతిని తన్నవలెను.

చూచుటకు వినోదముగ తోచు ఈ నియమములలో ఉపాధ్యాయుని లోచూపు ఎంత గలదో విచారింతము. డ్రిబ్లింగు నిషేధింపబడినప్పుడు జట్టులోని మొనగాడు ఒంటరిగా గోలు వరకు పోజాలడు. అతనికి తోడివాడు కావలెను. ఆ తోడివాడు ఎంత చిన్నవాడైనను, ఎంత నెమ్మదివాడైనను, అతడు నిలిచిన చోటును చూడక తప్పదు. అతనికి బంతి నీయక తప్పదు. అంతవరకు ఎవరికిని కంటపడని బాలుడు ఆటలో భాగస్వామి యగును. చేతగాని కాలి పందెమునందు జరుగునది ఇంకను విశేషము. ఏండ్ల తరబడి సాధనచే కుడికాలు పదును దేరినవాడు ఎడమకాలికి వచ్చునప్పటికి నిన్న మొన్న ఆట మొదలిడిన వానికి ఇంచుమించు సమానుడగును. నేర్పరి వినయము నేర్చును. కొత్తవాడు ధైర్యము తెచ్చుకొనును. అంతేగాక, ఆట ముగియునప్పటికి ఇరువురికిని కొంత లాభము కలుగును. రెండు కాళ్లతో ఆడగలవాడు ఒక కాలితో ఆడువానికంటె మేలైన ఆటగాడు గదా. బలవంతుని కట్టివేసి బలహీనుని గెలిపించుట సమత్వము కాదు; ఇరువురును ఎదుగునట్లు చేయుట సమత్వము. రహీం గారి యుపాయమున ఈ గుణము కలదు.

ఇట్టి సాధనలో పెరిగినవారే తరువాత హైదరాబాదునకు కీర్తి తెచ్చిరి. రహీం గారు 1950వ సంవత్సరము మొదలు మరణపర్యంతము హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులుగ నుండిరి. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగ ఐదు సంవత్సరములు గెలిచెను. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, తులసీదాసు బలరాం మొదలగు హైదరాబాదు, సికిందరాబాదు యువకులు దేశపు జట్టున స్థానము పొందిరి. బలరాం సికిందరాబాదు దాపున అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టినవాడు. ఆటయందలి అతని నేర్పును గుర్తించిన రహీం గారు, హైదరాబాదు వరకు వచ్చుటకు అతనికి స్తోమతు లేదని తెలిసి, అద్దె సైకిలుకు తామే డబ్బు ఇచ్చి పిలిపించుకొనిరని చెప్పుదురు. ఆట మొదలుకాక ముందే దారిద్ర్యముచేత ఓడిపోవు బాలురు మన గ్రామములలో ఎందరో కలరు. వారిని మైదానము వరకు తెచ్చుట కూడ సమత్వములో నొక భాగమే.

రహీం గారు భారతదేశపు జట్టునకు కూడ 1950 నుండి శిక్షకులైరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1–0 తేడాతో ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి సంవత్సరము హెల్సింకీ ఒలింపిక్సులో గొప్ప పరాభవము సంభవించెను. చలిలో, తడిసిన నేలమీద, పెక్కుమంది వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేత 10–1 గోలులతో ఓడిపోయిరి. ఆ యోటమి పిమ్మట మన ఆటగాండ్రకు బూట్లు విధిగా ఏర్పడెను. రహీం గారు ధైర్యము కోల్పోలేదు. ఐరోపాలో హంగరీ దేశస్థులు ఆడు కొత్త తీరును పరిశీలించి, మన యువకులకు తగినట్లు నేర్పిరి. నాలుగేండ్లకు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో, మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో గెలిచెను. ఆనాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. ఆ పిమ్మట యుగోస్లావియాతోను బల్గేరియాతోను ఓడి మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. అంతకు మించిన స్థానము మన ఫుట్‌బాలునకు ఒలింపిక్సులో నేటివరకు లభింపలేదు.

వారి యావజ్జీవ కృషికి కిరీటము వంటిది 1962వ సంవత్సరపు జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే వారిని వ్యాధి పీడించుచుండెను. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియాచేత 2–0 తేడాతో ఓడెను. తరువాత థాయిలాండును గెలిచినను, ఆ ఆటలో వెనుకవరుసకు ఆధారమగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అతడు లేకయే జట్టు జపానును 2–0 తేడాతో ఓడించెను. సెమీఫైనలునకు రహీం గారు ఒక సాహసము చేసిరి. గాయపడిన జర్నైల్ సింగును వెనుకవరుసనుండి తప్పించి ముందువరుసలో నిలిపిరి. అతడు ఆ ఆటలోను, ఫైనలులోను గోలులు చేసెను. ఎవనిని ఎచ్చట నిలిపిన వాని శక్తి జట్టున కుపయోగపడునో ఎరుగుట గురువు యొక్క లక్షణము. దానికి ఇంతకంటె మంచి నిదర్శనము లేదు. క్రీడల నిర్వహణను గూర్చి మన దేశపు ప్రతినిధి యొకరు చేసిన విమర్శవలన అచ్చటి ప్రజలు మనవారిపై కోపించియుండిరి. సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల నడుమ, చునీ గోస్వామి నాయకత్వమున, మన జట్టు అదే దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించెను. పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగు గోలులు చేసిరి. ఆ స్వర్ణమును తమకు కానుకగ నిమ్మని రహీం గారు ఆటకు ముందు తమ్ము కోరిరని ఆటగాండ్రు తరువాత చెప్పుకొనిరి.

ఇచ్చట కొందరొక సందేహము వెలిబుచ్చవచ్చును. దేశపు జట్టును ఎన్నుకొనునప్పుడు రహీం గారు అందరికిని చోటు నీయలేదు గదా. ఉత్తములనే ఏరిరి గదా. మరి పాఠశాలలో అందరికిని ఆట పంచుట యేల? ఈ రెండింటికిని భేదము కలదని మా మనవి. పందెమునకు పోవు జట్టు వేరు, సాయంకాలపు ఆట వేరు. మొదటి దానికి ఎన్నిక అవసరము. రెండవ దానికి ఆదరము అవసరము. ఎవనికి ఎంత శక్తి యున్నదో ఆడనిచ్చిన పిమ్మట గాని తెలియదు. ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానమున ఒక్క తలాంతు గలవాడు భయపడి దానిని భూమిలో దాచెను. మన మైదానములలో గట్టున కూర్చుండు బాలురలో పెక్కుమంది అట్టి భయము గలవారే. ఉపాధ్యాయుడు బంతిని వారి కాలి కడకు చేర్చనిచో వారి తలాంతు మట్టిలోనే యుండిపోవును.

కావున రహీం గారి మార్గమును బట్టి మన పాఠశాలలకు కొన్ని పద్ధతులు సూచింపదలచితిమి. ఇద్దరు నాయకులను నిలిపి, అందరి యెదుట ఒక్కొక్కరినే ఏరుకొననిచ్చు అలవాటు మానవలెను. చివర మిగిలినవాడు ఆ సిగ్గును చాలకాలము మరువడు. ఉపాధ్యాయుడే బాలుర నేర్పును ముందుగ గమనించి, తన మనస్సులో వరుస యేర్పరచుకొనవలెను. మొదటివానిని ఒక జట్టునకు, రెండవ మూడవవారిని ఎదుటి జట్టునకు, నాలుగవ ఐదవవారిని మరల మొదటి జట్టునకు ఇచ్చుచు పోయినచో బలము ఇంచుమించు సమముగ నుండును. అయితే పేరులు చదువునప్పుడు ఆ వరుస బయటపడకుండ కలిపి చదువవలెను. మూడు గోలుల తేడా వచ్చినచో ఇద్దరు ఆటగాండ్రను అటునిటు మార్చవలెను. గోలు కాపలా వంతులవారీగ అందరికిని రావలెను. బలహీనుని నిత్యము అచ్చటనే నిలుపరాదు. వారమున కొకనాడు డ్రిబ్లింగు లేని ఆటయు, నెలకొకనాడు చేతగాని కాలి ఆటయు ఆడించినచో మేలు. ఇందులకు ఖర్చేమియు లేదు. ఒక బంతియు, కొంచెము ఓపికయు చాలును.

రహీం గారు జకార్తా విజయము పిమ్మట ఎక్కువ కాలము జీవింపలేదు. క్యాన్సరు వ్యాధిచే బాధపడి, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, తమ ఏబదిమూడవ యేట పరమపదించిరి. ఆసియా క్రీడలలో భారతదేశపు పురుషుల జట్టు ఆ తరువాత ఫుట్‌బాలున స్వర్ణపతకము పొందలేదు. వారి కుమారుడు సయ్యదు షాహిద్ హకీం గారు తండ్రిమార్గమునే అనుసరించి, 1960 రోము ఒలింపిక్సు జట్టున స్థానము పొంది, తరువాత శిక్షకులై, 2021లో గతించిరి.

విద్యార్థులారా, మీలో జకార్తా వంటి మైదానమున నిలుచువారు ఒకరో ఇద్దరో ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కాని బంతి అందినప్పుడు ప్రక్కనున్న చిన్నవానివైపు చూచుట మీలో ప్రతివానికిని సాధ్యమే. ఆటయందు అట్లు చూడనేర్చినవాడు రేపు పొలమునందు గాని, కచేరీయందు గాని, సంఘమునందు గాని తనకంటె తక్కువ బలము గలవానిని మరువడు. బడిపంతులుగ జీవితము నారంభించిన రహీం గారు మన కొసగిన పాఠము ఇదియే యని మా విశ్వాసము.