జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, విద్యాదాత. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడు. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. పాఠశాల చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయినా బస్సు రవాణా, విద్యుత్ మోటారు, రేడియో, క్షురక యంత్రం, కారు తయారీ వంటి అనేక రంగాలలో కృషి చేశాడు. భారతదేశపు ఎడిసన్ అని ఇతనికి పేరు. ఈ కృషికి మొదలు ఒక పాత మోటారు సైకిలు. దానిని కొని, పూర్తిగా విప్పి, తిరిగి బిగించి నడపడమే ఇతని సాంకేతిక విద్యకు తొలి పాఠం.

బాల్యము, విద్య

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని సూలూరు దగ్గర కలంగల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. విజయనగర, నాయక రాజుల కాలంలో తమిళ దేశానికి వలస వెళ్ళిన తెలుగు రైతు కుటుంబాలు అనేకం కొంగునాడులో స్థిరపడ్డాయి. ఇంట తెలుగు, బయట తమిళం ఆ కుటుంబాల వాడుక. నాయుడు పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి చదువు మీద ఆసక్తి లేక మూడవ తరగతితో మానేసి పొలం పనిలో చేరాడు. అయితే చదవడం మానలేదు. తమిళంలో దొరికిన పుస్తకాలను స్వయంగా చదువుకుంటూ లోకజ్ఞానం సంపాదించుకున్నాడు.

మొదటి వాహనం

యువకుడుగా ఉన్నప్పుడు తమ ఊరి వైపు వచ్చిన ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలును నాయుడు చూశాడు. ఎద్దుగాని, గుర్రంగాని లేకుండా నడిచే వాహనాన్ని చూడడం అతనికి అదే మొదలు. దానిని ఎలాగైనా సొంతం చేసుకోవాలని నిశ్చయించుకొని కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. కొంతకాలం జీతం కూడబెట్టి ఆ అధికారి వద్దనే ఆ బండిని కొన్నాడు.

రడ్జ్ మోటారు సైకిళ్ళు ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరంలో 1911 నుండి తయారయ్యేవి. ఆనాటి మోటారు సైకిలు నడపడమంటే మెకానిక్కు పని కూడా తెలిసి ఉండాలి. ఇంజనుకు నూనెను చేతి పంపుతో అందించాలి. నిప్పురవ్వ కోసం మాగ్నెటోను శుభ్రంగా ఉంచుకోవాలి. ఆ రోజుల్లో పల్లెటూళ్ళలో ఇవి తెలిసిన పనివాడు దొరకడు, విడిభాగాలు దొరకవు. నాయుడు బండిని ముక్కముక్కగా విప్పి, ఏ భాగం ఏ పని చేస్తుందో పరిశీలించి, తిరిగి యథాప్రకారం అమర్చాడు. ఈ అభ్యాసంతోనే అతడు మెకానిక్కు అయ్యాడు. ఒక యంత్రాన్ని అర్థం చేసుకోవాలంటే దానిని విప్పి చూడాలనే పద్ధతిని జీవితాంతం పాటించాడు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి ధనం సంపాదించాడు. తరువాత బొంబాయి పత్తి వ్యాపారంలో దిగి ఆ ధనాన్ని పోగొట్టుకొని తిరిగి వచ్చాడు.

రవాణా రంగం

కోయంబత్తూరులోని ఆంగ్ల పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ నాయుడులోని నేర్పును గుర్తించాడు. అతని ప్రోత్సాహంతో నాయుడు 1920లో ఒక మోటారు బస్సును కొంత అప్పుపై తీసుకొని పొల్లాచ్చి - పళని మధ్య నడపడం ప్రారంభించాడు. మొదట్లో తానే డ్రైవరు. పొల్లాచ్చి పెద్ద సంత ఊరు, పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. అందువలన ఆ దారిలో వర్తకులకు, యాత్రికులకు కొదవ లేదు.

ఒక్క బస్సుతో మొదలైన ఈ వ్యాపారం కొద్ది సంవత్సరాలలోనే యూనివర్సల్ మోటారు సర్వీసు (యు.ఎం.ఎస్.) అనే పెద్ద సంస్థగా ఎదిగి, సమర్థంగా నడిచే బస్సులకు దేశమంతటా పేరు తెచ్చుకుంది. సరదాకు కొన్న మోటారు బండి చెడిపోతే యజమానికి ఒక్కడికే ఇబ్బంది. బస్సు ఉదయాన్నే కదలకపోతే ఆ రోజు రాబడి పోతుంది, ప్రయాణికుల నమ్మకమూ పోతుంది. కాబట్టి చెడిపోయాక బాగుచేయడం కంటే చెడకముందే తనిఖీ చేయడం ఈ వ్యాపారానికి ప్రాణం.

పోలిక కోసం చూస్తే, హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలయ్యాయి. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగమైన రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో వీటిని ప్రారంభించింది. నాయుడు తన మొదటి బస్సును నడిపింది అంతకు పన్నెండేళ్ళ ముందు.

ఆవిష్కరణలు, విదేశీ పర్యటనలు

1930లలో నాయుడు ఐరోపా దేశాలలో పర్యటించాడు. జర్మనీలో అడాల్ఫ్ హిట్లర్‌ను కలిశాడు. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చలనచిత్రంగా తీశాడు. ఛాయాగ్రహణం అతనికి ఇష్టమైన వ్యాపకం. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్ర బోస్ వంటి నాయకులను కూడా తన కెమెరాలో బంధించాడు.

చిన్న మోటారుతో, బ్యాటరీలతో పనిచేసే క్షురక యంత్రాన్ని రూపొందించి దానికి రాసంట్ అని పేరు పెట్టాడు. జర్మన్ భాషలో ఆ మాటకు అతివేగమైనది అని అర్థం. పలుచని క్షురక బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం, సినిమా కెమెరాకు దూరాన్ని సరిచేసే సాధనం ఇతని ఇతర ఆవిష్కరణలు.

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరులోని పీలమేడు కర్మాగారంలో విద్యుత్ మోటారును తయారుచేశాడు. దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. పైకారా జలవిద్యుత్తు అప్పటికే ఆ ప్రాంతానికి అందింది. బావులకు పంపులు, మిల్లులకు యంత్రాలు కావలసిన ఆ కాలంలో ఈ మోటారు కోయంబత్తూరు పరిశ్రమకు పునాది వేసింది. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించాడు.

పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను కూడా పెంచాడు. సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ప్రముఖులు ఇతని తోటను సందర్శించారు. పునాది మొదలుకొని ఒక ఇంటిని పదకొండు గంటలలో కట్టి చూపించాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు పెట్రోలుతో నడిచే ఇద్దరు కూర్చొనే చిన్న కారును రూపొందించాడు. దాని ధర 2,000 రూపాయలు మాత్రమే. అయితే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో తయారీ ఆగిపోయింది.

ఆ సంవత్సరమే పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం పరిధిలోని పరిశ్రమలు కొత్త వస్తువు తయారుచేయాలంటే ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. తరువాతి మూడు దశాబ్దాల పాటు దేశంలోని కారు మార్కెట్టు కొద్ది కంపెనీల చేతిలోనే ఉండిపోయింది. కొత్త కారు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. మధ్యతరగతి వారికి పాత కారు కొని బాగుచేయించుకోవడమే దారి అయింది.

ఇదే కాలంలో జర్మనీలో జరిగింది వేరు. సామాన్యుల కారు పేరుతో 1938లో శంకుస్థాపన జరిగిన ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారం యుద్ధంలో బాంబు దాడులకు గురైంది. 1945లో బ్రిటిషు సైన్యానికి చెందిన మేజర్ ఐవాన్ హర్స్ట్ దానిని తిరిగి నడకలోకి తెచ్చాడు. అక్కడ తయారైన బీటిల్ కారు ప్రపంచమంతటా వ్యాపించింది. 2003లో మెక్సికోలో తయారీ ఆగేనాటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిళ్ళు తయారయ్యాయి. మన దేశంలో సామాన్యుని చిన్న కారు అనదగిన మారుతి 800 రోడ్డు మీదికి వచ్చింది 1983 డిసెంబరులో, అంటే నాయుడు కారుకు 31 సంవత్సరాల తరువాత.

విద్యారంగం

1944లో నాయుడు మోటారు వ్యాపారం నుండి విరమించుకొని తన సంపదలో కొంత భాగాన్ని పరిశోధన వేతనాలకు, కార్మికుల, బడుగువర్గాల సంక్షేమానికి కేటాయించాడు. 1945లో ఇతని విరాళంతో ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరున పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆ కళాశాలే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడవ తరగతితో బడి మానిన నాయుడే దానికి మొదట ప్రిన్సిపాలుగా పనిచేశాడు.

నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువులో కాలం వృథా అవుతున్నదని, చేతిపనితో నేర్పితే రెండేళ్ళు చాలునని ఇతని అభిప్రాయం. ప్రభుత్వం అందుకు అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. 1967లో ఇతని పేరున పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది.

కార్ల ప్రదర్శనశాల

నాయుడు 1974 జనవరి 4న కోయంబత్తూరులో మరణించాడు. అతని కుటుంబం, ధర్మసంస్థ కోయంబత్తూరు అవినాశి రోడ్డులో 2015లో జీడీ కార్ల ప్రదర్శనశాలను ప్రారంభించాయి. అందులో పలు దేశాల పాత కార్లను పునరుద్ధరించి చూపుతున్నారు. కార్ల చరిత్రకు ఆరంభమైన 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి నమూనా, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అక్కడి జర్మన్ వాహనాలలో ఉన్నాయి.

నాయుడు జీవితంపై తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా బహుమతి లభించింది.

పాత కారు పునరుద్ధరణ: నాయుడు పద్ధతి

ప్రదర్శనశాలలో నిలిపే కారుకు, రోజూ నడిపే కారుకు తేడా ఉంది. మొదటిదానికి మెరుపు ముఖ్యం, రెండవదానికి నమ్మకం ముఖ్యం. నాయుడు మోటారు సైకిలుకు, బస్సుకు పాటించిన పద్ధతి, అంటే విప్పి చూడడం, చెడకముందే మార్చడం, పాత జర్మన్ కారును కొనేవారికి నేటికీ ఉపయోగపడుతుంది. బీటిల్ ఇందుకు మంచి ఉదాహరణ.

ఏళ్ళ తరబడి నిలిచిపోయిన కారును వెంటనే స్టార్టు చేయరాదు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొద్దిగా ఆయిలు వేసి, ఇంజనును మొదట చేతితో తిప్పి చూడాలి. ట్యాంకులోని పాత పెట్రోలు జిగురుగా మారుతుంది కనుక ట్యాంకును, కార్బురేటరును శుభ్రం చేయాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొని లోపలి భాగాలను తుప్పు పట్టిస్తుంది. కాబట్టి ఆయిలుతో పాటు రబ్బరు గొట్టాలను, వాషర్లను మార్చాలి. టైర్లకు అరుగుదల లేకపోయినా వయసుతో గట్టిపడి పగులుతాయి. 2025 నాటికి దేశమంతటా అందుబాటులోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాతకాలపు రబ్బరును త్వరగా చెడగొడుతుంది. బీటిల్‌లో ఇంజను వెనుక ఉంటుంది, పెట్రోలు గొట్టం దాని వేడికి దగ్గరగా పోతుంది. ఆ గొట్టం పగిలితే అగ్నిప్రమాదం జరగవచ్చు.

బీటిల్ ఇంజనుకు రేడియేటరు లేదు, గాలితోనే చల్లబడుతుంది. చల్లబరిచే పంకా ఒక్క బెల్టు మీద ఆధారపడి ఉంటుంది. బెల్టు తెగితే ఎర్రదీపం వెలుగుతుంది, వెంటనే బండి ఆపకపోతే ఇంజను పాడవుతుంది. హైదరాబాదులో నాంపల్లి, లక్డీకాపూల్, ఆబిడ్స్ వంటి చోట్ల వేసవి ఎండలో ఆగి ఆగి కదిలే రద్దీలో ఈ విషయం మరింత ముఖ్యం. పంకా గాలి పక్కలకు పోకుండా ఇంజను చుట్టూ ఉండే రేకులు, రబ్బరు అంచులు సరిగా ఉండాలి. ఈ ఇంజనుకు ఆయిలు ఫిల్టరు లేదు, జల్లెడ మాత్రమే ఉంటుంది. అందుచేత సుమారు 5,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు మార్చి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాల్వుల సందు సరిచూడాలి.

కాగితాల విషయం కూడా ముందే చూసుకోవాలి. సొంత కారు నమోదు 15 సంవత్సరాలకు ముగుస్తుంది, తనిఖీ తరువాత అయిదేసి సంవత్సరాలకు పొడిగిస్తారు. 50 సంవత్సరాలు దాటిన వాహనాలను ప్రాచీన వాహనాలుగా నమోదు చేసే నిబంధన 2021 జూలైలో వచ్చింది. దీనికి రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. అయితే ఇలా నమోదైన వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతు కోసం నడపవచ్చు గాని రోజువారీ రాకపోకలకు వాడరాదు. కనుక పాత కారును ప్రతిదినం నడపదలచినవారు సాధారణ నమోదును పొడిగించుకోవాలి.