భూకంపానికి లెక్క నేర్పిన గురువు – డాక్టర్ జైకృష్ణ

వంతెనల డిజైను విభాగంలో పని నేర్చుకునే రోజుల్లో నా బల్ల మీద ఎప్పుడూ ఉండే పుస్తకం ఐ.ఎస్. 1893. దాని వెనుక ఉన్న మహనీయుడు డాక్టర్ జైకృష్ణ. ఈ ప్రత్యేక సంచికలో ఆయనను స్మరించుకోవడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ఆయన 1912లో, నేటి ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో జన్మించారు. రూర్కీలో చదివి అక్కడే అధ్యాపకులయ్యారు. 1934లో బీహారును, 1950లో అస్సామును పెను భూకంపాలు కుదిపివేసినా, కట్టడాలను వాటికి తట్టుకునేలా ఎలా కట్టాలో చెప్పే జాతీయ ప్రమాణం అప్పటికి మనకు లేదు. జైకృష్ణగారు 1950ల మధ్యలో కాలిఫోర్నియా వెళ్లి ఆ విద్య నేర్చుకుని వచ్చి, 1960లో రూర్కీలో భూకంప ఇంజనీరింగు పరిశోధన, శిక్షణ కేంద్రం నెలకొల్పారు. విదేశీ పరికరాలు ఖరీదైనవి కనుక, లోలకాలతో పనిచేసే చవకైన రికార్డరును అక్కడే రూపొందించారు. 1962లో ఐ.ఎస్. 1893 వెలువడింది. ఆ ప్రమాణాల సంఘానికి తరువాత ఆయన అధ్యక్షత వహించారు. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 1999లో కీర్తిశేషులయ్యారు.

ఆ పుస్తకం మాకు నేర్పిన సూత్రం ఒక్కటే. నేల అడ్డంగా ఊగితే, వంతెన బరువులో కొంత వంతు దాన్ని పక్కకు తోసే బలంగా మారుతుంది. స్తంభం ఎంత గట్టిదైనా, బేరింగు జారి గర్డరు పక్కకు తప్పుకుంటే వంతెన పోయినట్లే.

దక్కను నేల కదలదని మేమంతా ధీమాగా ఉండేవాళ్లం. తొలి పటాల్లో దక్కనులో చాలా భాగం సున్నా మండలమే. అక్కడి వంతెనలకు భూకంప బలం సున్నా అని నా చేతితోనే వేశాను. 1967లో కొయినా, 1969లో మన భద్రాచలం కంపించాక ఆ ధీమా పోయింది. 1970 సవరణలో సున్నా మండలాన్నే తీసివేశారు. నేను వేసిన ఆ సున్నాలు మాత్రం కాగితాల మీద అలాగే ఉండిపోయాయి.

2001లో గుజరాత్ భూకంపంలో సూరజ్‌బారీ వంతెన బేరింగులు దెబ్బతిని, కచ్‌కు సహాయం వెళ్లే దారికే అంతరాయం కలిగింది. అందుకే సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు నా మనవి: కొత్త వంతెనలకు కొత్త ప్రమాణాలు ఎలాగూ పాటిస్తారు. పాత వంతెనల డ్రాయింగులు ఒకసారి బయటికి తీయండి. గర్డరు కూర్చునే చోటు చాలినంత వెడల్పుందా, అది జారకుండా అడ్డుదిమ్మెలు ఉన్నాయా చూడండి. లేకపోతే పెట్టించండి. కొత్త వంతెన కట్టే ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం. జైకృష్ణగారికి మనం అర్పించగల నివాళి అదే.