సున్నా దగ్గర పరుగు పందెం
పవర్ సిస్టమ్స్ పరీక్షలో రేస్ థియరీ రాస్తాం గానీ, జోసెఫ్ స్లెపియన్ ఎవరో నాకు ఈమధ్యే తెలిసింది. 1891లో బోస్టన్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో లెక్కల్లో డాక్టరేట్ చేసి, కార్నెల్‌లో పాఠాలు చెప్పడం వదిలేసి 1916లో వెస్టింగ్‌హౌస్‌లో చేరారు.

షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు బ్రేకర్ కాంటాక్టులు విడిపోయినా మధ్యలో ఆర్క్ మండుతూనే ఉంటుంది. దాన్ని బలవంతంగా తెంపక్కర్లేదని 1928లో ఆయన వివరించారు. ఏసీ కరెంటు తనంతట తానే సున్నాకి వస్తుంది. ఆ క్షణం నుంచి తిరిగొచ్చే వోల్టేజీ కంటే కాంటాక్టుల మధ్య ఇన్సులేషన్ బలం వేగంగా పెరిగితే చాలు, ఆర్క్ మళ్లీ పుట్టదు.

పెద్ద జనరేటర్ దగ్గర ఫాల్ట్ అయితే డీసీ భాగం వల్ల ఆ సున్నా కొన్ని సైకిళ్లు ఆలస్యం కావచ్చు. అక్కడే బ్రేకర్‌కి అసలు కష్టం.

స్లెపియన్ 1969లో పోయారు. లెక్కలు ఎందుకు పనికొస్తాయని అడిగే జూనియర్లకి నేనిప్పుడు ఈయన పేరే చెప్తున్నా.