ఫ్రాన్సెస్ విల్లార్డు: సైకిలు నేర్పిన ధైర్యం

వేలకొలది జనం ఎదుట నిలిచి అనర్గళంగా ప్రసంగించగల విదుషీమణికి, రెండు చక్రాల బండిని చూడగానే గుండె దడదడలాడిందంటే నమ్మశక్యం కాదు. కాని ఫ్రాన్సెస్ విల్లార్డు జీవితంలో జరిగింది సరిగా అదే. అమెరికాలో ఆనాడు ఆమె పేరు తెలియని ఇల్లు అరుదు. ఆమె పిలుపును అందుకొని నడిచే స్త్రీలు లక్షల సంఖ్యలో ఉండేవారు. అట్టి నాయకురాలు యాభై మూడేళ్లు నిండిన పిమ్మట, పసిపిల్ల నడక నేర్చిన చందాన, సైకిలు తొక్కడం నేర్చుకున్నది. ఆ నేర్చుకున్న తీరును దాచుకొనక లోకానికి చెప్పింది. ఆమె చేసిన మహత్కార్యాలన్నిటి నడుమ ఈ చిన్న విజయం చిన్నదిగానే కనిపించవచ్చు. అయినా భయమనేది ఎక్కడ పుడుతుందో, ఎట్లా లొంగుతుందో తెలుసుకొనగోరే విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠం దొరకడం కష్టం.

ఫ్రాన్సెస్ 1839 సెప్టెంబరు 28న న్యూయార్కు రాష్ట్రంలోని చర్చ్‌విల్ గ్రామంలో జన్మించింది. ఆమె పసితనంలోనే తల్లిదండ్రులు పడమటికి తరలిపోయి, 1846 నాటికి విస్కాన్సిన్‌లో జేన్స్‌విల్ సమీపాన వ్యవసాయ క్షేత్రంలో స్థిరపడ్డారు. అన్న ఆలివరుతో, చెల్లెలు మేరీతో కలిసి పొలాల వెంట స్వేచ్ఛగా పరుగులు తీస్తూ ఆమె పెరిగింది. ఇంట ఆమెను ముద్దుగా ఫ్రాంక్ అని మగపిల్లవాని పేరుతో పిలిచేవారు. పదహారవ పుట్టినరోజుతో ఆ స్వేచ్ఛ ముగిసింది. నేలను ఊడ్చే పొడవాటి పావడా, సూదులతో బిగించిన ముడి, ఒద్దికైన నడక ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు సంక్రమించాయి. నాటి దుఃఖాన్ని ఆమె కడవరకు మరువలేదు. నాలుగు దశాబ్దాల తరువాత సైకిలు ఎక్కాలన్న కోరికకు మూలమేమని వెదికితే, ఆ పొలం గట్ల మీద ఆగిపోయిన పరుగే కనిపిస్తుంది.

1859లో ఆమె ఎవాన్‌స్టన్‌లో విద్య ముగించి ఉపాధ్యాయిని అయింది. అనేక పాఠశాలల్లో బోధించింది. 1868 నుండి రెండేళ్లు ఐరోపా, పశ్చిమాసియా దేశాలు తిరిగి వచ్చింది. 1871లో ఎవాన్‌స్టన్ మహిళా కళాశాలకు అధ్యక్షురాలైంది. ఆ కళాశాల నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో విలీనమైన పిమ్మట, అధికారులతో పొసగక 1874లో పదవిని వదులుకున్నది. అదే సంవత్సరం స్థాపితమైన క్రైస్తవ మహిళా మద్యనిరోధక సంఘంలో చేరింది. తాగి వచ్చిన భర్త చేతి దెబ్బలు తిని, పస్తులుండే స్త్రీకి చట్టంలో రక్షణ లేని కాలమది. 1879లో ఆ సంఘానికి జాతీయాధ్యక్షురాలై, మరణించేవరకు ఆ స్థానంలో కొనసాగింది. ఇంటిని కాపాడుకోవాలంటే ఇల్లాలి చేతిలో ఓటు ఉండాలని వాదించి, మద్యనిషేధాన్ని స్త్రీల ఓటుహక్కుతో ముడివేసిన ఘనత ఆమెది. ఊరూరా తిరిగి వేలాది ఉపన్యాసాలు చేసింది.

ఎడతెగని శ్రమ ఆమె ఆరోగ్యాన్ని క్రుంగదీసింది. 1892 ఆగస్టులో తల్లి గతించడంతో మనస్సు కూడ క్రుంగిపోయింది. ఆ స్థితిలో ఇంగ్లండులోని మిత్రురాలు, అక్కడి మద్యనిరోధక ఉద్యమ నాయకురాలు లేడీ హెన్రీ సోమర్సెట్ ఆమెను తన ఇంటికి పిలిపించుకున్నది. సర్రీ మండలంలో రైగేట్ అనే ఊళ్లో ఆ మిత్రురాలికి విశాలమైన తోటలతో కూడిన భవనం ఉండేది. ఆమె కానుకగా ఇచ్చిన సైకిలుకు ఫ్రాన్సెస్ గ్లాడిస్ అని పేరు పెట్టుకున్నది.

ఆనాటికి సైకిలు కొత్త వస్తువు. అంతకు పూర్వం ఉండిన బండికి ముందు చక్రం మనిషి ఎత్తున ఉండేది. దానిపైనుండి పడితే తల పగలవలసిందే. 1885లో స్టార్లీ అనే ఇంగ్లీషు యంత్రనిర్మాత రెండు చక్రాలను సమానంగా చేసి, వెనుక చక్రాన్ని గొలుసుతో తిప్పే బండిని తెచ్చాడు. 1888లో డన్‌లప్ సైకిలుకు పనికివచ్చే గాలి నింపిన రబ్బరు టైరును తెచ్చాడు. ఈ రెండింటితో సైకిలు స్త్రీలకు కూడ అందుబాటులోకి వచ్చింది. అయినా సైకిలెక్కిన ఆడదాన్ని వీధిలో ఎగతాళి చేసేవారు, ఆరోగ్యం చెడుతుందని బెదిరించేవారు కొల్లలు.

ఫ్రాన్సెస్ భయానికి మూలాలు రెండు. ఒకటి శరీరానిది. కొన్నేళ్ల క్రిందట మూడు చక్రాల బండి తొక్కుతూ పడి మోచేతికి పెద్ద గాయం తగిలించుకున్నది. ఆ నొప్పి ఎముకలో మానినా మనసులో మానలేదు. రెండవది పరుల చూపు. ఆ వయసులో ఆమెకు అది సాధ్యం కాదని పలువురు తేల్చివేశారు. పడితే ఎముక విరుగుతుందన్న భయం కంటె, పడితే నవ్వుతారన్న భయం పెద్దవారిని ఎక్కువగా బాధిస్తుంది. నేర్చుకొనడానికి ఆమె చెప్పుకున్న కారణాల్లో, తనవల్ల కాదన్నవారికి సమాధానం చెప్పాలన్నది కూడ ఒకటి. ఆరోగ్యం కోసం, తనను చూచి మరికొందరు స్త్రీలు ధైర్యం తెచ్చుకుంటారన్న ఆశతో ఆమె ఈ పనికి పూనుకున్నది.

ఆమె పాటించిన పద్ధతి ఉపాధ్యాయినికి తగినదే. మొదటి రోజులలో బలిష్ఠులైన ముగ్గురు యువకులు బండిని పట్టుకుంటే ఆమె బెదురుతూ పీఠం ఎక్కింది. క్రమంగా పట్టుకునేవారు ఇద్దరయ్యారు, ఒకరయ్యారు. ఆపైన పట్టు వదిలి పక్కన నిలిచే మిత్రులు మిగిలారు. తొక్కడం, మలుపు తిరగడం, దిగడం, ఎక్కడం అని విద్యను భాగాలుగా విడదీసి, ఒక్కొక్కటి చేతికి వచ్చిన పిమ్మటనే మరొకదానికి పోయేది. రోజుకు పావుగంట చొప్పున సుమారు మూడు నెలలు అభ్యసించింది. పావడాను నేలకు మూడంగుళాలు పైకి కుట్టించుకున్నది. ఆనాటి దృష్టిలో ఆ మూడంగుళాలు కూడ సాహసమే.

ఈ అభ్యాసంలో ఆమె గ్రహించిన సత్యం ఒకటున్నది. ముందు చక్రాన్ని చూస్తూ తొక్కితే బండి తూలుతుంది. దూరాన దారిని చూస్తూ తొక్కితే నిలుస్తుంది. సైకిలు ఎటు ఒరిగితే అటే ముందు చక్రాన్ని తిప్పడం వల్ల అది నిలబడుతుంది. కొంత వేగం ఉన్నప్పుడే ఆ దిద్దుబాటు సులువు. భయపడినవాడు వేగం తగ్గిస్తాడు, కాళ్ల దగ్గరకు చూపు దించుతాడు, చేతులు బిగిస్తాడు. అంటే పడకుండా ఉండాలని చేసే పనులే పడవేస్తాయి. చక్రం తడబడడానికి ముందే సంకల్పం తడబడుతున్నదని ఆమె కనిపెట్టింది. 1894 జనవరి 20న పక్కన ఆసరా ఎవరూ లేకుండా, తనంతట తాను ఎక్కి సాగిపోయింది. మరుసటి సంవత్సరం ఈ అనుభవాన్నంతా చిన్న పుస్తకంగా ప్రకటించింది. యువకులను మద్యశాలల నుండి మరల్చే మంచి వినోదమని సైకిలును తన ఉద్యమానికి మిత్రునిగా భావించింది.

అయితే ఒకచోట సంపాదించిన ధైర్యం అన్నిచోట్లా తానే వెంట వస్తుందనుకొనడం పొరపాటు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారిని మూకలు చంపుతున్న ఆ రోజుల్లోనే, 1894లో, నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా వెల్స్ ఇంగ్లండులో పర్యటిస్తూ ఫ్రాన్సెస్‌ను బాహాటంగా నిలదీసింది. 1890లో నల్లజాతివారిని గూర్చి ఫ్రాన్సెస్ ఒక పత్రికతో చెప్పిన అవమానకరమైన మాటలను బయటపెట్టింది. దక్షిణాదిలోని శ్వేతజాతి స్త్రీలు సంఘానికి దూరమవుతారన్న జంకు ఫ్రాన్సెస్‌ను సూటిగా మాట్లాడనీయలేదు. తన మాటలను సమర్థించుకొనడానికే ఆమె ప్రయత్నించింది. ఈ విషయాన్ని దాచి ఆమెను కీర్తించడం చరిత్రకు న్యాయం కాదు. సైకిలు మీద దూరానికి చూడగలిగిన చూపు ఇక్కడ ముందు చక్రం దగ్గరే ఆగిపోయింది.

1898 ఫిబ్రవరి 17న ఆమె న్యూయార్కు నగరంలో మరణించింది. 1905లో అమెరికా శాసనసభా భవనంలోని విగ్రహశాలలో ఆమె ప్రతిమను నిలిపారు. అక్కడ స్థానం పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె కోరిన ఓటుహక్కు అమెరికా స్త్రీలకు జాతీయస్థాయిలో 1920లో లభించింది. ఆ సంవత్సరమే అమలులోకి వచ్చిన మద్యనిషేధం మాత్రం 1933లో రద్దయింది.

ఆమె జీవితంలోని రెండు పాయలూ మన ప్రాంతాలకు పరాయివి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఆ దశాబ్దపు తొలినాళ్లలోనే తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చి వీధుల్లోకి వచ్చారు. వారెవరూ ఫ్రాన్సెస్ పేరు విని ఉండకపోవచ్చు. ఆమె దాటిన భయాన్నే వారూ దాటారు.

నేడు మేడ్చల్ మీదుగా నాగపూరు వైపు సాగే 44వ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట మీదుగా కరీంనగరుకు పోయే రాజీవ్ రహదారి మీద లారీల రొద నడుమ సైకిలుతో నిలిచే విద్యార్థికి కలిగే జంకు సహజమైనదే. అక్కడ భయం అవివేకం కాదు, అది హెచ్చరిక. ఫ్రాన్సెస్ కూడ తోట బాటలోనే మొదలుపెట్టింది గాని రాజమార్గం మీద కాదు. బడి ఆవరణలో బండి నిలపడం, ఊరి సందులో మలుపు తిరగడం, వెనుక వచ్చే వాహనాన్ని గమనించి చేయి చూపడం, ఆ పిమ్మటనే పెద్ద రోడ్డు అంచు పట్టుకొనడం అనే క్రమం ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పదగినది. మొదట పట్టుకొనడం ఎంత అవసరమో, సమయం చూచి పట్టు వదలడం కూడ అంతే అవసరం. ముగ్గురు పట్టిన బండిని చివరకు ఎవరూ పట్టకుండా నడిపిన ఆ ఉపాధ్యాయిని కథలో, శిష్యునికి ఎంత పాఠమున్నదో గురువుకు కూడ అంత పాఠమున్నది.